విమానంలో ఊపిరి మిషను, ఎమ్మిగనూరులో చెల్లెలు

1987 నవంబరు 14, శనివారం, మధ్యాహ్నం మూడు గంటల పది నిమిషాలకు నా జబ్బు బయటపడింది. ఎమ్మిగనూరు నుంచి ఆదోనికి వచ్చే బస్సులో. అంతకు ముందు ఎన్నేళ్లుగా ఉందో తెలియదు. గురక పెడతానని తెలుసు గానీ అది జబ్బని తెలియదు.

ఆ రోజు మా చెల్లెలు సావిత్రి ఇంట్లో భోంచేసి బస్సెక్కాను. టికెట్టు తీసుకున్నది గుర్తుంది. తరువాత గుర్తున్నది కండక్టరు నా భుజం పట్టుకుని ఊపడం. బస్సు రోడ్డు పక్కన ఆగి ఉంది. అందరూ లేచి నిలబడి నన్నే చూస్తున్నారు.

"ఏమైందప్పా?" అన్నాను.

"నువ్వు గురక పెడ్తాంటే పిల్లోల్లు నగుతాండ్రి. పోనీలే ముసలామె అనుకుంటిమి. ఉన్నట్టుండి గురక నిలిసిపాయ. దాంతో పాటే ఊపిరీ నిలిసిపాయ. మా డ్రైవరు బండి ఆపేసినాడు. నీళ్లు తాగమ్మా."

వెనక సీటులోని పెద్దాయన ఒకరు, "ఇంక ఎవురింటికి కబురు సెప్పల్లో అని సూస్తాంటిమి తల్లీ. నువ్వే లేసి కూసుంటివి," అన్నాడు. బస్సంతా నవ్వింది. నేనూ నవ్వినట్టు ముఖం పెట్టాను.

ఆడపిల్లల బడిలో ముప్పై ఒక్క ఏళ్లు లెక్కలు చెప్పిన దాన్ని. నా క్లాసులో ఒక పిల్ల తూగితే నిలబెట్టేదాన్ని. బస్సులో నేను గురక పెట్టి జనాన్ని నవ్వించాననే సిగ్గే ముందు తోచింది గానీ, ఊపిరి ఆగిందన్న సంగతి రెండు రోజుల తరువాత గానీ మనసుకు ఎక్కలేదు.

ఇది ఇటువంటి జబ్బున్నవాళ్ల కోసం రాస్తున్నాను. ఊపిరి మిషను పెట్టుకునేవాళ్లు విమానం ఎక్కవలసి వస్తే నేను ఎక్కినట్టు ఎక్కకూడదు. రాయడానికి ఇంకొక కారణం కూడా ఉంది. జబ్బు నాది. నష్టం మా చెల్లెలిది. అది ఎట్లా జరిగిందో వరుసగా చెప్పుకుంటే తప్ప నా మనసు ఒక చోట నిలవడం లేదు.

1988 సంవత్సరమంతా డాక్టర్ల ఇళ్ల ముందు బెంచీల మీద గడిచింది. ఒకాయన రక్తం తక్కువన్నాడు, ఒకాయన గ్యాసు అన్నాడు, ఒకాయన వయసు అన్నాడు. ప్రతి బెంచీ మీదా నిద్రపోయాను. ఇంట్లో సాయంత్రం పిల్లలకు లెక్కలు చెప్పేదాన్ని. ఒక రోజు లెక్క సగంలో నిద్రపోతే, పిల్లలు చప్పుడు చేయకుండా మిగతాది వాళ్లే చేసుకుని, పలకలు సర్దుకుని పోయారు. లేచి చూస్తే చీకటి పడింది. మరుసటి రోజు నుంచి ట్యూషను మానేశాను.

నేను మా అబ్బాయి రమేశు దగ్గర ఉంటాను. వాడు పత్తి మిల్లులో గుమాస్తా. కోడలు భారతికి నోరు కొంచెం ఎక్కువ, మనసు అంతకంటే ఎక్కువ. "అత్తయ్యా, మీ గురక వినీ వినీ పక్కింటోల్ల కుక్క అరిసేదే మానేసింది. దానికి సిగ్గైనట్టుంది," అనేది. అట్లా అంటూనే నా మంచం తన గది వాకిలి దగ్గరికి జరుపుకుంది.

దసరాకు సావిత్రి వచ్చి పది రోజులు ఉంది. చిన్నప్పటి మాదిరే నా పక్కనే పడుకుంది. మూడో రోజు పొద్దున దాని కళ్లు ఎర్రగా ఉన్నాయి.

"ఏందే, నిద్రపోలేదా?"

"యాడ పోయేదక్కా? నీకు ఊపిరి ఆగినప్పుడల్లా నేనూ బిగబట్టుకుంటాండా, నీది ముందొస్తాదో నాది ముందొస్తాదో అని. ప్రతిసారీ నేనే ఓడిపోతాండా."

అది తమాషాకు చెప్పలేదు. రాత్రంతా నా పక్కటెముకల మీద చెయ్యి వేసి కూర్చుని, ఆగినప్పుడల్లా కదిలించిందట. బెంగళూరుకు పోయి చూపించుకోవాలని రమేశును కూర్చోబెట్టి ఒప్పించింది అదే. నిద్రలో నా గొంతు లోపల మూసుకుపోతోందని, అందుకు కొత్తగా ఒక మిషను వచ్చిందని, దాని సంగతి తెలిసిన డాక్టరు బొంబాయిలో ఉన్నాడని బెంగళూరు డాక్టరు చెప్పాడు. ఇప్పుడు నేను బతికి ఉన్నానంటే సావిత్రి వల్ల. ఈ మాట ముందే రాసి పెడుతున్నాను.

1989 జనవరి 9న భారతిని వెంటబెట్టుకుని బొంబాయిలో దిగాను. మా ఆడబిడ్డ ఇంట్లో ఉన్నాము. ఆ ఆసుపత్రిలో వేచి ఉండే గది ఒక వింత. కూర్చున్నవాళ్లంతా నాలాంటివాళ్లే. నర్సు వచ్చి పేరు పిలిస్తే ఒక్కరూ పలకరు. వరుసగా అందరినీ తట్టి లేపి, పేరడిగి, కావలసిన మనిషి దొరికితే లోపలికి తీసుకుపోయేది. ఆ గదిలో మొదటిసారి నాకు సిగ్గు తగ్గింది.

మిషను పెద్దదే. కుట్టు మిషను పెట్టెంత ఉంటుంది. దాని నుంచి ఒక గొట్టం, గొట్టం చివర ముక్కుకు కట్టుకునే రబ్బరు తొడుగు. కరెంటు పెడితే పిండిమర మాదిరి చప్పుడు. ముక్కులోకి గాలి తోస్తూ ఉంటుంది. మొదటి రాత్రి ఎవరో నన్ను గాలితో నింపి కుట్టేస్తున్నారనిపించింది. రెండుసార్లు పీకి పారేశాను. తెల్లవారుజామున ఎప్పుడు కళ్లు మూతపడ్డాయో గానీ, లేచేసరికి తల బరువు లేదు. కిటికీలో వెలుతురును వెలుతురుగా చూసి ఎన్నేళ్లయిందో. భారతి టీ తెచ్చి నా ముఖం చూసి ఏమీ అనకుండా పక్కన కూర్చుంది. దానికి మాట దొరకని రోజు అదొక్కటే.

జనవరి 22, ఆదివారం, సావిత్రి భర్త వెంకటేశు గుండెపోటుతో పోయాడు. ఎమ్మిగనూరులో బడిపంతులు. అరవై ఇంకా నిండలేదు. మిషను గాలి ఎంత ఉండాలో సరిచూడడం అప్పుడే మొదలైంది. మధ్యలో వదిలి పోకూడదన్నారు. నేను పోలేదు.

ఇక్కడ మా ఇళ్ల ఆచారం ఒకటి చెప్పాలి. భర్త పోయిన ఆడమనిషిని పదమూడో రోజు తరువాత పుట్టింటివాళ్లు వచ్చి పిలుచుకుపోయి, తమ ఇంట్లో ఒక రాత్రి పడుకోబెడతారు. నిద్ర చేయడం అంటారు. ఆ నిద్ర అయ్యేదాకా ఆమె ఎవరి గడపా తొక్కకూడదు. తనంతట తాను పోకూడదు, పిలవాలి. పదమూడు రోజుల తరువాత వచ్చే అమావాస్య లోపల కాకపోతే మళ్లీ మూడో నెలలోనే. మాకు అమ్మా నాన్నా లేరు, తోడబుట్టిన అన్నదమ్ములు లేరు. సావిత్రికి పుట్టిల్లంటే నేనే.

పదమూడో రోజు ఫిబ్రవరి 3, శుక్రవారం. అమావాస్య 6, సోమవారం. అంటే శనివారమో ఆదివారమో అయిపోవాలి. ఆలస్యమైతే వచ్చే ఇబ్బంది వేరే ఉంది. సావిత్రి కూతురు సుధ బళ్లారిలో నెలలు నిండి ఉంది. మొదటి కాన్పు. పుట్టింట్లో జరగాలి గానీ తండ్రి పోయిన ఇల్లని అత్తగారు పంపలేదు. సుధకు కాళ్లు వాచాయి, అమ్మ కావాలని రోజూ ఏడుస్తోంది. అమ్మ రావాలంటే నిద్ర అయి ఉండాలని అత్తగారి మాట.

ఫిబ్రవరి 1న సావిత్రి పక్కనున్న గుడ్డల అంగడి గడప బయటే నిలబడి, లోపలి ఫోను అందించుకుని ట్రంకు కాల్ చేసింది.

"అక్కా, రాఘవన్న వచ్చినాడు. శనివారం దేవనకొండకు పిలుచకపోతాడంట. పెదనాయన కొడుకు గదా, ఆయప్పా పుట్టింటోడే, ఆడ నిద్ర చేసినా సాలంటాండాడు."

"నేనుండంగ ఆయప్ప ఇంటికి ఏంటికి పోతావు? నేనొస్తాండా."

"నీకు బాగలేదు గదక్కా. ఆ మిషను ఎత్తుకోని రైల్లో ఎట్లొస్తావు?"

"రైల్లో గాదు. శనివారం పొద్దున విమానం ఎక్కితే ఎనిమిదికంతా హైదరాబాదు. సాయంత్రానికి ఆదోని. రమేశు వచ్చి నిన్ను పిలుచకొస్తాడు, తయారుగుండు. రాఘవన్నకు వద్దని సెప్పు."

"అయితాదా అక్కా?"

"లెక్క ఏసుకోనే సెప్తాండా."

కొంచెంసేపు వైరులో గరగర. "సరేక్కా, నీ ఇష్టం," అంది. లైను తెగిపోయింది.

బొంబాయి నుంచి ఆదోనికి నేరుగా రైలుంది. కానీ ఒక రాత్రి ప్రయాణం, రైలు పెట్టెలో మిషనుకు ప్లగ్గు లేదు. పగటిపూట విమానంలో పో, దారిలో మాత్రం కునుకు తీయొద్దని డాక్టరే చెప్పాడు. గంటంబావు మేలుకుని ఉండడం ఎంత పని అనుకున్నాను.

ఫిబ్రవరి 4, శనివారం. చీకటితో లేచి విమానాశ్రయానికి పోయాము. నా జబ్బు, మిషను సంగతి డాక్టరు రాసిచ్చిన చీటీ భారతి సూట్‌కేసులో పెట్టింది. ఆ సూట్‌కేసు ముందే సామానులో పోయింది. తనిఖీ దగ్గర పోలీసు మిషను పెట్టె తెరిచి, గొట్టం బయటికి లాగి, ఇదేమిటన్నాడు. ఆదోనిలో నేర్చిన ఉర్దూతో భారతి, ఊపిరి మిషనని చెప్పింది.

"ఊపిరికి ముక్కుంది కదా," అన్నాడు వాడు.

"ఆ ముక్కు పనిచేస్తే ఇంత బరువు నేనేంటికి మోస్తాను?" అంది భారతి, తెలుగులో.

చివరికి ప్లగ్గు ఉన్న చోటికి తీసుకుపోయి, నా ముక్కుకు కట్టి, నడిపి చూపించమన్నారు. నడిపాము. పదిమంది చుట్టూ మూగారు. బడిలో ప్రయోగం చూసే పిల్లల మాదిరి ఉన్నారు. వాళ్ల మధ్య ముక్కుకు గొట్టంతో కూర్చున్నాను. తనిఖీ అయింది గానీ, సీటు కింద పట్టదు, సామానులో వేయాల్సిందేనని విమానం వాళ్లు అన్నారు. చీటీ చూపించి ఉంటే ఏమనేవారో. చీటీ మా దగ్గర లేదు. పెట్టె తీసుకుపోయి, ఒక అట్టముక్క భారతి చేతిలో పెట్టారు.

తరువాత హైదరాబాదులో మంచు అన్నారు. ఆరున్నరకు లేవవలసిన విమానం పదకొండుకు గానీ లేవలేదు. ఇది నా లెక్కలో లేదు. కుర్చీలో నిటారుగా కూర్చుని, వచ్చిన నిద్రను గోళ్లతో గిచ్చి ఆపుకున్నాను. పక్కన ఒక గుజరాతీ ఆవిడ నేను మొదటిసారి ఎక్కుతున్నానని తెలుసుకుని, కడుపు తిప్పుతుందని చెప్పి, సంచిలో నుంచి వాంతుల మాత్ర తీసి ఇచ్చింది. మంచి మనిషి. తన సీసాలోని నీళ్లు కూడా ఇచ్చింది. అందరి మధ్య వాంతి చేసుకోవడం కంటే మేలు కదా అని మింగాను. ఆ మాత్ర నిద్ర తెస్తుందని ఆమెకూ తెలియదేమో. నేను అడగలేదు.

విమానంలో భారతికి నా వెనక వరుసలో సీటు వచ్చింది. నేను తూగితే వెనక నుంచి గిచ్చాలని మా ఒప్పందం. అది రెండు రాత్రులుగా సామాను సర్దుతూ, నన్ను చూస్తూ నిద్రపోలేదు. "కొంచెం కన్ను మూసుకో భారతీ, నాకు నిద్ర రాదు," అని నేనే చెప్పాను.

ఆ తరువాతది భారతి చెప్పగా తెలిసింది. నా పక్కసీటాయన గట్టిగా కేక వేస్తే అది లేచిందట. నా పెదవులు నేరేడుపండు రంగులో ఉన్నాయట. ఎంత కదిలించినా లేవలేదట. విమానంలో పనిచేసే అమ్మాయి ఒకతె ఆక్సిజన్ సీసా తెచ్చి, నా ముందు మోకాళ్ల మీద కూర్చుని, నా గడ్డం రెండు చేతులతో పైకెత్తి పట్టుకుందట. దిగేటప్పుడు వెళ్లి సీటులో కూర్చోమన్నా కదలలేదట. ఆమె పేరు భారతి అడగలేదు. ఆమె చేతులు ఎట్లా ఉంటాయో కూడా నాకు తెలియదు.

హైదరాబాదులో విమానం దగ్గరికే అంబులెన్సు వచ్చింది. నన్నూ భారతినీ ఎక్కించుకుని పోయింది. మిషను విమానాశ్రయంలోనే ఉండిపోయింది.

నాకు తెలివి వచ్చేసరికి మధ్యాహ్నం రెండు దాటింది. లేచి చీర సర్దుకుని, సాయంత్రానికి ఆదోనిలో ఉండాలి, పోతాను అన్నాను. చిన్న డాక్టరు ఒకాయన మంచం పక్కన నిలబడి, "అమ్మా, పక్షవాతమో కాదో తేలేదాకా పంపలేము," అన్నాడు. ఇది పక్షవాతం కాదని, నా జబ్బు ఇదని, దీనికి మిషను ఉందని చెప్పాను. ఆయన అటువంటి మిషను గురించి వినలేదు. చీటీ చూపించండన్నాడు. చీటీ ఉన్న సూట్‌కేసూ విమానాశ్రయంలోనే ఉంది. "పొద్దున నుంచి ఏం తీసుకున్నారు?" అని అడిగి, మాత్ర సంగతి విని, దాని పేరు కాగితం మీద రాసుకున్నాడు. ఆదివారం విమానాశ్రయంలో సామాను తిరిగి ఇచ్చే ఆఫీసులో మనిషి లేడు. రమేశు సోమవారం పోయి తెచ్చాడు. ఆ రెండు రాత్రులూ ఒక ఆయా నా మంచం పట్టీ మీద కూర్చుని, తూగినప్పుడల్లా లేపింది. తన బిడ్డల పేర్లన్నీ చెప్పింది.

శనివారం మధ్యాహ్నం భారతి మిల్లుకు ఫోను చేసింది. రమేశు గుడ్డల అంగడికి కబురు పెట్టి హైదరాబాదు బస్సెక్కాడు. అంగడి అబ్బాయి పోయేసరికి సావిత్రి సంచి సర్దుకుని తలుపు లోపలి పక్క కూర్చుని ఉందట. విని, సరేనని, అక్కడే చీకటి పడేదాకా కూర్చుందట. రాఘవన్నకు చెప్పి పంపారు. అక్క వద్దంది కదా అని ఆయన అప్పటికే జొన్నగిరి పక్క చేను చూసుకోవడానికి పోయాడు. సోమవారం గానీ తిరిగి రాలేదు. సోమవారం అమావాస్య.

ఫిబ్రవరి 8, బుధవారం, ఎమ్మిగనూరుకు పోయాను. వెంకటేశు పోయిన తరువాత చెల్లెలిని చూడడం అదే మొదలు. కొంచెంసేపు ఏడ్చాము. తరువాత అది కన్నీళ్లు తుడుచుకుని నా చెయ్యి పట్టుకుంది.

"అక్కా, నేను బళ్లారికి పోతానే. నిద్రా గిద్రా ఎవురేమన్నా అననీ."

"సుధ అత్త గడప తొక్కనిస్తాదా?"

"నువ్వొక మాట సెప్తే ఒప్పుకుంటాది. ఆయమ్మకు నువ్వంటే మర్యాద. పెద్దదానివి, నువ్వే పిలుచకపోయి దిగబెట్టక్కా."

నేను ఆలోచించాను. ఈ మాట నిజంగా రాస్తున్నాను, ఆలోచించే చెప్పాను.

"మొదటి కాన్పు సావిత్రీ. ఆడ ఏమన్నా కీడు జరిగితే, నిద్ర గాని మనిషి వచ్చినందుకే అని నిన్నే అంటారు. జన్మంతా అంటారు. మూడో నెల దాకా ఓపిక పట్టు."

అది నా చెయ్యి వదిలేసింది. "అట్లనే కానీక్కా," అని లేచి నాకు కాఫీ పెట్టింది.

17వ తేదీ శుక్రవారం సుధకు మగపిల్లవాడు పుట్టాడు. బరువు తక్కువ. 20వ తేదీ సోమవారం పొద్దున పోయాడు. ఆ రోజే సుధ అత్తింటివాళ్లు తీసుకుపోయి పూడ్చారు. సావిత్రికి కబురు అందేసరికి మధ్యాహ్నమైంది.

బళ్లారి డాక్టరమ్మ, ఎవరున్నా బతికేవాడు కాదని చెప్పింది. భారతి ఆ మాట నాకు చాలాసార్లు గుర్తు చేసింది. నిజమే కావచ్చు. కానీ సావిత్రి అక్కడ ఉంటే మూడు రోజులు ఎత్తుకునేది. సుధ ఏడుస్తుంటే పక్కన పడుకునేది. కీడు జరిగితే దాన్ని అంటారని ఆపాను. కీడు జరిగింది. దాన్ని ఎవరూ ఏమీ అనలేదు. అది అక్కడ లేదు కదా.

ఏప్రిల్ 1, శనివారం, మూడో నెలలో నేనే పోయి సావిత్రిని పిలుచుకొచ్చాను. మా ఇంట్లో భోంచేసింది. నా గదిలో చాప వేసుకుని పడుకుంది. మిషను చప్పుడుకు నిద్ర పట్టదేమో, హాల్లో పడుకోమంటే, "పర్వాలేదక్కా," అంది. పొద్దున మొదటి బస్సుకు వెళ్లిపోయింది. బళ్లారికి పోవలసిన తొందర ఇంక లేదు.

ఇటువంటి మిషనుతో విమానం ఎక్కేవాళ్లకు నేను చెప్పగలిగింది ఇది. డాక్టరు చీటీ రవిక లోపల పెట్టుకోండి గానీ సూట్‌కేసులో పెట్టకండి. మిషను చేతిలోనే ఉంటుందని టికెట్టు కొనే రోజే అడిగి ఒప్పించుకోండి. ఎవరు ఎంత ప్రేమగా ఇచ్చినా వాంతుల మాత్ర, దగ్గు మందు మింగకండి. తోడు వచ్చిన మనిషిని పక్కనే కూర్చోబెట్టుకోండి. వాళ్లను నిద్రపొమ్మని చెప్పకండి. విమానం ఆలస్యమవుతుందని ముందే అనుకోండి. అన్నిటికంటే ముఖ్యం, మీరు వచ్చేదాకా ఆగమని ఎవరికీ చెప్పకండి. మీరు లేకుండా జరిగే పనులు జరగనివ్వండి.

ఇది రాస్తున్నది 1989 డిసెంబరులో. నా ఆరోగ్యం బాగుంది. సాయంత్రం పిల్లలు మళ్లీ లెక్కలకు వస్తున్నారు. ఎమ్మిగనూరుకు బస్సులో పోయి వస్తున్నాను.

పోయినవి ఇవి. మా మరిది. ఆయన కడసారి చూపు, నాకు. మూడు రోజులు బతికిన పిల్లవాడు. ఆ పిల్లవాడి ముఖం, సావిత్రికి. రాఘవన్న మా ఇంటికి రావడం. సుధ నన్ను పెద్దమ్మా అని పిలిచి నువ్వు అనడం, ఇప్పుడు మీరు అంటుంది. సావిత్రి నాతో వాదించడం, ఇప్పుడు ఏది చెప్పినా సరేనంటుంది.

నాకు దక్కింది రాత్రికి ఏడు గంటల నిద్ర.